ఒక్క స్లైడు చాలు

ఆ పొద్దున బహుశమ్మ కాళ్ళు నేల మీద ఆగలేదు. కారులో కూర్చున్న మనిషికి కాళ్ళు నేల మీద ఆగకపోవడమేమిటి అంటారేమో. ఒళ్ళో ల్యాప్‌టాపు, దాని కింద మోకాళ్ళు రెండూ కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకా ఊగిపోతున్నాయి. స్టీరింగు ముందు అత్తగారు కూర్చుని ఉంది.

"ఏమే, ఆ కాళ్ళు ఆపు. కారు నేను నడుపుతున్నానా, నువ్వు తొక్కుతున్నావా?"

"సారీ అత్తయ్యా. ఇది భయమో సంతోషమో తెలియట్లేదు."

"నీకేదో తెలియట్లేదా! ఇదే మొదటిసారి వినడం," అంది అత్తగారు.

బహుశమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు లెండి. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పెట్టింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "బహుశా" అనేది కోడలు. సినిమా బాగుందా అంటే "ఒక్కసారి చూసి చెప్పలేమండీ" అనేది. వాన పడుతోందా అని అడిగితే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన చేతిని వెనక్కి తీసుకుని, తుడుచుకుంటూ, "పడుతున్నట్టే ఉంది" అనేది. అత్తగారు ముక్కున వేలేసుకుంది. ముప్పై ఏళ్ళు డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి మరి. ఆవిడ లోకంలో ఉన్నవి బ్రేకు, యాక్సిలరేటరు. రెండింటి మధ్యలో బహుశా అనే పెడలు లేదు.

పాపం, కోడలి పని అలాంటిది. విశ్వవిద్యాలయంలో జారడం మీద పరిశోధన చేస్తుంది. నవ్వకండి. ఏ బట్ట ఏ నునుపు మీద ఎంత తేలిగ్గా జారుతుంది, ఎక్కడ పట్టుకుంటుంది, పట్టుకున్నది ఎందుకు వదిలేస్తుంది, ఇదే ఆవిడ బతుకు. పదేళ్ళ కిందట మొదటి వ్యాసం రాసి, "నూలు కన్నా పట్టు ఎక్కువ జారుతుంది" అని తెగేసి చెప్పింది. వాళ్ళ డిపార్టుమెంటు హెడ్డుగారు ఎర్రసిరా తీసి, ఆ వాక్యం నెత్తిన "బహుశా" అని రాశారు. "ఎప్పుడూ తలుపు కొంచెం తెరిచే ఉంచుకోవాలమ్మా. రేపు ఎవరైనా కాదన్నా మనం చిక్కుల్లో పడం," అన్నారు. మంచిమాటే. కానీ మంచిమాట కూడా పదేళ్ళు నమిలితే పళ్ళకి అంటుకుపోతుంది. వ్యాసాల్లో పెట్టిన మాట వంటింట్లోకి వచ్చింది, వంటింట్లోంచి కారులోకి వచ్చింది. ఆవిడ లైసెన్సు పెట్టెలో మడత నలగకుండా ఉంది. ఎందుకంటే ఈవిడ స్టీరింగు పట్టుకుంటే నాలుగు రోడ్ల కూడలిలో ఎడమా కుడా తేలేలోపు వెనక హారన్ల కచేరీ మొదలవుతుంది.

అసలు సంగతి నిన్న జరిగింది. పర్మనెంటు పోస్టు ముచ్చటగా మూడోసారి కూడా ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆ వార్త హెడ్డుగారు వరండాలో, నీళ్ళ మిషను పక్కన, గ్లాసు నిండేలోపు చెప్పేశారు. ఆ వెంటనే భుజం తట్టి, "ఇంకొక్క ఏడాది కాంట్రాక్టు ఇప్పిస్తానమ్మా. రేపు సాయంత్రంలోగా సరేనంటే చాలు," అన్నారు. బహుశమ్మ నీళ్ళు తాగలేదు గానీ నమిలింది.

జారడం మీద పరిశోధన చేసే మనిషికి గుండె జారడం కూడా రోజువారీ పనైపోయింది. ఫోను టింగుమంటే చాలు, ఏ పత్రికవాళ్ళు వ్యాసం తిప్పికొట్టారోనని దాన్ని బోర్లించి పెట్టేసేది. నిద్రలో పళ్ళు కొరుకుతోందని మొగుడు మొత్తుకునేవాడు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చేసే మంచివాడతను. "నీకేది ఇష్టమైతే అది చెయ్యి, నేనున్నా" అంటాడు. ఏది ఇష్టమో తెలిస్తే కదా! బయటికి వెళితే తనని ఎవరు పెట్టుకుంటారు? పదేళ్ళు కూడబెట్టినదంతా నాలుగు గోడలు దాటితే ఎందుకూ పనికిరాదేమోనన్న భయం ఆవిడని పీక్కు తినేస్తోంది. ఆ భయంతోనే ప్రతి ఏడూ "సరే సార్" అనేస్తోంది.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డ కోడలిని చూసి అత్తగారు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫోను తీసి తన పాత శిష్యుడికి కలిపింది. అతను ఒకప్పుడు ఈవిడ దగ్గర లారీ నడపడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఊరి చివర వర్క్‌షాపు పెట్టి పార్కులకు పిల్లల ఆట సామాను తయారు చేస్తున్నాడు. జారే వ్యవహారం తెలిసిన మనిషి కావాలని చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు. ఫోను కోడలి చెవికి పెట్టింది. అవతల మిషన్ల రొద మధ్య ఒక గొంతు అరిచింది.

"మేడమ్! రేపు పొద్దున్నే వచ్చేయండి! స్లైడు చూసి తేల్చేద్దాం! ఎక్కువ వద్దు, ఒక్క స్లైడు చాలు!"

ఆ మాటతో బహుశమ్మ లేచి కూర్చుంది. కంపెనీల్లో అంతా క్లుప్తంగా అడుగుతారని ఎక్కడో విని ఉంది. ఒక్క స్లైడులో పదేళ్ళ పని చెప్పాలి! ల్యాప్‌టాపు తెరిచి కూర్చుంది. ఒక్క స్లైడులో పట్టలేదు. రెండు చేసింది. రెండోది అర్థం కావాలంటే దాని ముందొకటి కావాలి. దానికి ఆధారాలు చూపించేదొకటి, ఆధారాల మీద అనుమానాలు చూపించేదొకటి. భోజనాలయ్యేసరికి అరవై దాటాయి. కానీ చిత్రమేమిటంటే, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆవిడ పళ్ళు కొరక్కుండా నిద్రపోయింది.

ఇదీ కథ. ఇప్పుడు కారు నాలుగు రోడ్ల కూడలికి వచ్చింది. ఎడమకి తిరిగితే విశ్వవిద్యాలయం, నేరుగా వెళితే వర్క్‌షాపు. అత్తగారు ఆలోచించకుండా నేరుగా పోనిచ్చింది.

వర్క్‌షాపు పెద్ద రేకుల షెడ్డు. లోపల అడుగు పెట్టగానే ఘాటైన జిగురు వాసన ముక్కులో గుచ్చుకుంది. ఎటు చూసినా రంగులే. ఎర్రటి గొట్టాలు, పసుపు పచ్చటి గొట్టాలు, నిలువునా చీల్చిన సగం గొట్టాలు, అచ్చుల్లోంచి అప్పుడే తీసిన మెలికలు. ఒకచోట ఇద్దరు మనుషులు కప్ప బొమ్మ నోటిని గరుకు కాగితంతో నున్నగా రుద్దుతున్నారు. ఇంకోచోట ఏనుగు తొండం ఒక్కటే గోడకి ఆనించి ఉంది, ఏనుగు ఇంకా తయారవలేదు. బహుశమ్మ చెయ్యి తనంతట తానే వెళ్ళి ఒక పసుపు గొట్టాన్ని నిమిరింది. చల్లగా, నున్నగా ఉంది. ఎంత నునుపో వేలికొసకే తెలిసిపోయింది. పదేళ్ళుగా ఆవిడ ముట్టుకున్నవన్నీ అరచేతిలో పట్టే చిన్న చిన్న పలకలు. ఇంత పెద్దది ఎప్పుడూ ముట్టుకోలేదు.

"టీచరమ్మా!" అంటూ యజమాని ఎదురొచ్చాడు. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. "మేడమ్, రండి రండి! స్లైడు రెడీ. మీదే ఆలస్యం."

"నావీ రెడీ అండీ," అంది బహుశమ్మ గర్వంగా. "ప్రొజెక్టరు ఉందా?"

యజమాని మొహం ఒక్క క్షణం ఖాళీ అయింది. చదువుకున్న వాళ్ళకి ఏవో పద్ధతులుంటాయి కాబోలు అనుకున్నాడు. ఆఫీసు గదిలో ఒక టీవీ ఉంటే దానికి తగిలించారు. బహుశమ్మ మొదలుపెట్టింది. మొదటి స్లైడు, పరిచయం. రెండో స్లైడు, ఇంతకు ముందు ఎవరెవరు ఏమన్నారు. మూడో స్లైడు, వాళ్ళన్నదాంట్లో ఏవి బహుశా సరైనవి కాకపోవచ్చు. యజమాని బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు కునికింది, లేచింది, మళ్ళీ కునికింది. పదకొండో స్లైడు దగ్గర యజమాని గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈ బొమ్మలు చాలా బాగున్నాయి. కానీ నేను చెప్పింది ఈ స్లైడు కాదు." కిటికీ పరదా లాగి వేలు చూపించాడు. "ఆ స్లైడు."

కిటికీ అవతల పెరట్లో, రెండంతస్తుల ఎత్తున, ఇనుప చట్రం మీద నుంచి మూడు మెలికలు తిరుగుతూ ఎర్రటి గొట్టం నేలకి దిగి ఉంది. పిల్లలు జారే స్లైడు. జారుడు బల్ల!

అబ్బో, పప్పులో కాలు వెయ్యడమంటే అదీ. ఆ కాలు మామూలు కాలు కాదు, అరవై స్లైడుల కాలు. బహుశమ్మ చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ వెంటనే లోపలెక్కడో చక్కిలిగిలి పుట్టింది, మొదట ముక్కులోంచి, తర్వాత నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడ నవ్వుతుంటే యజమాని నవ్వాడు. అత్తగారు నిద్రలోంచి లేచి, ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వింది. ఇంట్లో ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అత్తగారికే తెలుసు. అందుకే కళ్ళు తుడుచుకుంది.

పెరట్లోకి వెళ్ళారు. గేటు దగ్గర లారీ సిద్ధంగా ఉంది. సంగతిది: ఆ గొట్టం కొత్త పార్కుకి వెళ్ళాలి, ఆదివారం పార్కు తెరుస్తారు, ఈ రోజే బిగింపులు విప్పి లారీకెక్కించాలి. మామూలు స్లైడులయితే యజమానికి కొట్టిన పిండి. ఇన్ని మెలికలు, ఇంత ఎత్తు మాత్రం ఇదే మొదటిసారి.

"గోనెసంచిలో ఇసుక నింపి పైనుంచి వదిలాం మేడమ్. చూడండి."

పైన నిలబడ్డ పనివాడు మూట వదిలాడు. గొట్టంలో గరగరమంటూ వచ్చి, కింద చదును భాగంలో సగం దాకా జారి, బుద్ధిగా ఆగిపోయింది.

"చూశారుగా. అంతా బాగానే ఉందంటారా? ఎక్కించనా?"

అందరూ ఆవిడ మొహం కేసి చూశారు. బహుశమ్మ నోరు తెరిచింది. ఏదో తేడాగా ఉందని ఒళ్ళు చెబుతోంది. నోరు మాత్రం పాత దారినే పట్టింది.

"బహుశా... బాగానే ఉండొచ్చండీ. కానీ ఇంకొంచెం పరిశీలిస్తే..."

"ఎంత పరిశీలిస్తే?"

"ఒక ఆర్నెల్లు..."

యజమాని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆర్నెల్లా! లారీ గేటు దగ్గరుంది మేడమ్! పిల్లలు జారాలి అందులో! ఊ అంటారా, ఉహూ అంటారా? ఈ నాన్చుడు బేరం నా వల్ల కాదు."

అంతే, అయిపోయింది, బయటి లోకానికి తను పనికిరాదని తేలిపోయింది. ల్యాప్‌టాపు తీసుకుని హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి "సరే సార్" అనేస్తే సరి. బహుశమ్మ వెనక్కి తిరగబోయింది. అప్పుడు అత్తగారు మెల్లిగా అడిగింది, "ఏమే, ఇన్నేళ్ళు జారడం గురించి రాశావు కదా. నువ్వెప్పుడైనా జారావా?"

బహుశమ్మ ఆగిపోయింది. జారలేదు. చిన్నప్పుడు కూడా మెట్లెక్కి పైన కూర్చుని, కిందకి చూసి, మళ్ళీ మెట్లు దిగి వచ్చేసిన పిల్ల.

ఏం పూనిందో మరి, చెప్పులు విడిచేసింది. చకచకా నిచ్చెన ఎక్కుతుంటే వర్క్‌షాపంతా పని ఆపి చూసింది. ఒంటి మీద ఉన్నది ఇంటర్వ్యూ సూటు. పర్మనెంటు పోస్టు కోసం కొన్న నల్లటి నున్నటి సూటు, మూడు ఇంటర్వ్యూల్లోనూ చేతికందిన పోస్టు జారిపోయింది దాంతోనే. పైన గొట్టం నోట్లో కూర్చుంది. కిందకి చూసింది. "బహుశా ఇది..." అని మనసులో అనుకుంటూనే చేతులు వదిలేసింది.

అమ్మబాబోయ్! మొదటి మెలికలో వీపు గోడకి అతుక్కుంది. రెండో మెలికలో అంతా ఎర్రటి వెలుగు, జుట్టు మొహం మీద, ఎవరో కేకలు పెడుతున్నారు, ఎవరో కాదు తనే. మూడో మెలికలో పట్టు కోసం అరచెయ్యి ఆనిస్తే సర్రున కాలింది. చదును భాగం వచ్చింది, వచ్చినట్టే వెళ్ళిపోయింది. గొట్టంలోంచి తుపాకీ గుండులా బయటపడి, పరుపు దాటి, కంకర మీద కూలబడింది. ప్యాంటు వెనక పర్రుమని చిరిగింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. బహుశమ్మ కంకర మీద కూర్చుని రొప్పుతోంది, కళ్ళు మతాబుల్లా వెలుగుతున్నాయి.

"మళ్ళీ!" అంది. "ఉండండి, నేను కాదు. అత్తయ్యా, మీరు!"

అత్తగారు అలాంటివాటికి వెనకాడే మనిషి కాదు. నడుం బిగించి ఎక్కింది, కూర్చుంది, "వస్తున్నా!" అని కేకేసింది. గొట్టంలో సర్రుమని చప్పుడు, ఆ తర్వాత కీచుమని చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. కాసేపటికి రెండో మెలికలోంచి గొంతు వినబడింది, బావిలోంచి మాట్లాడినట్టు.

"ఏమేవ్! ఆగిపోయానే!"

"ఎందుకాగారు అత్తయ్యా?"

"రెండు కాళ్ళూ గోడకి తన్నిపెట్టేశాను! పక్క సీట్లో కూర్చుని ముప్పై ఏళ్ళు బ్రేకు తొక్కిన కాళ్ళే ఇవి, నా మాట వినట్లేదు!"

"బ్రేకు తీయండి అత్తయ్యా!"

"తియ్యనే! భయమేస్తోంది!"

వర్క్‌షాపంతా పొట్టలు పట్టుకుంది. కోడలు గొట్టం నోట్లో తల పెట్టి బతిమాలింది, బుజ్జగించింది. చివరికి అత్తగారు కాళ్ళు వదిలింది. నిదానంగా వచ్చి కింద ఆగింది. లేచి బట్టలు దులుపుకుంటూ, "బ్రేకులు బాగానే పని చేస్తున్నాయి," అంది.

బహుశమ్మకి ఇప్పుడు ఎవరి మాటా వినబడట్లేదు. సుద్దముక్క ఒకటి దొరికితే గొట్టం పక్క గోడ మీద గబగబా ఏదో రాసేస్తోంది.

"మీరు పెద్దవాళ్ళు కదా మేడమ్, బరువుకి అలా దూసుకొచ్చారు," అన్నాడు యజమాని. "పిల్లలు తేలిక. అంత వేగం రాదు."

"బరువుకీ దీనికీ సంబంధం లేదండీ. అంతా బట్టలోనే ఉంది. గోనెసంచి గరుకు, అందుకే ఆగింది. పిల్లలు గోనెసంచులు కట్టుకుని పార్కుకి రారు కదా! నున్నటి బట్ట వేసుకున్న పిల్ల ఎవరైనా వస్తే నేను పడ్డ చోటే పడుతుంది. లారీ అన్నా, మీ వానకోటు ఒకసారి ఇవ్వండి."

ఇసుకమూటకి వానకోటు తొడిగారు. పైనుంచి వదిలారు. మూట చప్పుడు లేకుండా వచ్చింది, పరుపు దాటింది, కంకర మీద దొర్లింది, నిలబెట్టి ఉన్న పసుపురంగు డబ్బాని గుద్ది పడేసింది. రంగు కంకరంతా పారింది. యజమాని మొహంలో రంగు మాత్రం పోయింది.

"అయితే... ఎక్కించొద్దంటారా?" అతని గొంతు మొదటిసారి చిన్నదైంది. తర్వాత మళ్ళీ పెద్దదైంది. "ఆదివారం పార్కు తెరుస్తున్నారు మేడమ్! ఊరందరికీ మాటిచ్చాను! మీరు పొరపాటు పడితే నా పరువు గంగపాలు. ఆలోచించుకుని చెప్పండి. ఖాయమేనా?"

తలుపు కొంచెం తెరిచి ఉంచమని పదేళ్ళుగా చెవిలో జోరీగలా రొదపెట్టిన మాట మళ్ళీ వచ్చింది. ఆ మాట నాలుక మీదకి వచ్చి నిలబడింది. బహుశమ్మ ఎర్రగా కమిలిన తన అరచేతి కేసి చూసుకుంది.

"ఖాయం. ఎక్కించొద్దు."

అన్నాక ఏమీ కూలిపోలేదు. షెడ్డు నిలబడే ఉంది. ఆవిడ గొంతు ఇంకాస్త పైకి లేచింది. "కింద చదును భాగం చాలట్లేదు. ఇంకో మనిషి పొడవు కావాలి. లోపల పసుపు గొట్టాలున్నాయి కదా, నేను ముట్టుకుని చూశాను, తిన్నటి ముక్క ఒకటుంది. అది తెచ్చి దీని చివర బిగించండి. నూలుకీ పట్టుకీ వానకోటుకీ ఎంతెంత తేడా ఉంటుందో నా దగ్గర పదేళ్ళ లెక్కుంది. ఇదిగో, గోడ మీద రాశాను. ఇక్కడ ఆగుతుంది." సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసింది.

యజమాని ఆ గీతని చూశాడు, ఆవిడని చూశాడు. తర్వాత షెడ్డు కేసి తిరిగి కేక పెట్టాడు. "ఒరే, పసుపు ముక్క తీసుకురండ్రా!"

ఇక చూడాలి ఆ హడావుడి! ఒకరు బోల్టులు, ఒకరు రెంచీలు, నలుగురు గొట్టం. బహుశమ్మ సూటు కోటు విప్పి, చిరిగినచోట కనబడకుండా నడుముకి కట్టుకుని, వాళ్ళ మధ్యలో దూరి, "ఇటు వంచండి, ఇంకాస్త, ఆ, ఆపండి!" అని ఆజ్ఞలిచ్చేస్తోంది. ఉహూ, ఊ, అటు, ఇటు, చాలు. ఎంత చిన్న మాటలు! ఒక్కో మాట నోట్లోంచి ఊడి పడుతుంటే ఒళ్ళు తేలికైపోతోంది. ఎర్రటి గొట్టానికి పసుపు తోక వచ్చింది. వానకోటు మూట మళ్ళీ పైకెళ్ళింది.

వదిలారు. మొదటి మెలిక, రెండో మెలిక, మూడో మెలిక. ఎర్రలోంచి పసుపులోకి వచ్చింది, మెల్లబడింది, ఇంకా మెల్లబడింది, సుద్దగీత మీద కూర్చున్నట్టు ఆగింది.

వర్క్‌షాపు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు! లారీ డ్రైవరు హారను మోగించాడు. బహుశమ్మ ఎగిరి గంతేసింది, అత్తగారిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. వ్యాసం అచ్చయినప్పుడు కూడా ఆవిడకి ఇంత సంతోషం కలగలేదు. ఆ వ్యాసాలే లేకపోతే ఈ గీత లేదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది. పదేళ్ళు వృథా కాలేదు. అవి ఇంతకాలం పైన కూర్చుని ఉన్నాయి, అంతే.

"చెప్పానా మేడమ్, ఒక్క స్లైడు చాలని!" యజమాని నవ్వాడు. "ఇక మీరు ఇక్కడే ఉండిపోవాలి. ఇంకో అయిదు పార్కులున్నాయి నా చేతిలో. ఏ గొట్టం లారీ ఎక్కాలో, ఏది ఎక్కకూడదో మీ నోటితో చెప్పాలి. వస్తారా?"

అదే సమయానికి ఫోను మోగింది. హెడ్డుగారు.

బహుశమ్మ ఏనుగు తొండం పక్కకి వెళ్ళి నిలబడింది. అలవాటుగా గుండె జారింది. "సార్" అంది.

"ఏమ్మా, ఆలోచించావా? నీలాంటి పిల్లని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ ఒక్క ఏడాది ఓపిక పట్టు. వచ్చే ఏడాది ఆ పోస్టు..." ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. నిజంగానే నమ్ముతున్నారు కూడా. "వచ్చే ఏడాది అది బహుశా నీదే."

బహుశమ్మ కళ్ళు మూసుకుంది. ఆ మాట తనే కొన్ని వేలసార్లు రాసింది, అన్నది. ఇవాళ్టిదాకా ఎదుటివాళ్ళ నోట్లోంచి విననట్టే ఉంది. ఆ ఒక్క మాట మీద పదేళ్ళు కూర్చుంది. మెట్లెక్కి పైన కూర్చుంది, కిందకి చూస్తూ.

"సార్," అంది. "ఆ మాట నాకు మీరే నేర్పారు. చాలా బాగా నేర్చుకున్నాను. కానీ ఇక నా వల్ల కాదు సార్. నేను రాను."

"ఖాయమేనా అమ్మా?" అన్నారు హెడ్డుగారు.

"ఖాయం సార్."

ఫోను పెట్టేశాక ఏడ్చింది. ఏడవదా మరి? ఆ గది, కిటికీ పక్క బల్ల, తన చేతులతో బిగించుకున్న మిషను, పేర్లు పెట్టుకున్న బట్టముక్కలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. తొండానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముక్కు చీదుకుని, మొహం తుడుచుకుని, తిరిగొచ్చింది.

"వస్తారా మేడమ్?" యజమాని మళ్ళీ అడిగాడు.

"వచ్చేశానండీ," అంది.

ఇంటికి బయల్దేరేటప్పుడు అత్తగారు కారు తలుపు తీయబోతే కోడలు చెయ్యి చాపింది. "తాళాలు ఇటివ్వండి."

"నువ్వా? ఆ చిరుగు ప్యాంటుతోనా?"

"ప్యాంటుతో నడపను కదా అత్తయ్యా."

అత్తగారు నోరు మూసుకుని పక్క సీట్లో కూర్చుంది. కారు కదిలింది. బహుశమ్మ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తోంది. కూడలి వచ్చింది. నేరుగా వెళితే ఇల్లు, కుడికి తిరిగితే విశ్వవిద్యాలయం. వెనక ఒక్క హారను కూడా మోగలేదు. మోగేంత సమయం ఇస్తే కదా, కోడలు టక్కున కుడికి తిప్పేసింది.

అత్తగారు చటుక్కున కోడలి కేసి తిరిగింది. అయ్యో, మళ్ళీ మనసు మారిందా? ఆ సారు మాటలకి కరిగిపోయిందా? నోటితో అడగలేదు గానీ, ఆవిడ కుడికాలు మాత్రం ఏ పెడలూ లేని చోట కారు నేలని గట్టిగా తొక్కిపెట్టేసింది.

కోడలు ఓరకంట చూసింది. ఒక చేత్తో జేబులోంచి విశ్వవిద్యాలయంలో తన గది తాళంచెవి తీసి అత్తగారి ఒళ్ళో వేసింది.

"ఇది సారు చేతికి ఇచ్చేసి, దణ్ణం పెట్టి వచ్చేద్దాం," అంది. "బ్రేకు తీయండి అత్తయ్యా."